పొగలో పండిన గొంతు

సిగరెట్ తాగే పెద్దమనుషులు ఏటికేడాది తగ్గిపోతున్నారట!

పొద్దున్నే పేపర్లో ఈ వార్త చదివి, చేతిలో టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను. ఎవరో సర్వే చేశారట. వెనకటితో పోలిస్తే ఇప్పుడు తాగేవాళ్ళ శాతం బాగా పడిపోయిందట. పక్కనే ఒక గ్రాఫు కూడా వేశారు. పార్కులో జారుడుబల్లలాగా ఎడమ నుంచి కుడికి దిగిపోతోందది. దాని కింద ఒక అధికారిగారు నవ్వుతూ ఫొటో దిగారు. ఒక జాతి అంతరించిపోతుంటే నవ్వు ఎలా వస్తుందండీ మనిషికి?

పులులు తగ్గిపోతే ఏం చేస్తారు? వాటికి ఒక అడవి కేటాయిస్తారు, కాపలా పెడతారు, మెడకి రేడియో కట్టి క్షేమసమాచారాలు కనుక్కుంటారు. మరి సిగరెట్ తాగేవాళ్ళకి ఏం కేటాయించారు? ఆఫీసు వెనకాల, జనరేటర్ పక్కన, చెత్తడబ్బా దగ్గర కాస్త చోటు! విమానాశ్రయాల్లో అయితే ఒక గాజు గది. లోపల నలుగురు నిలబడి పొగ వదులుతుంటే, బయట పిల్లలు ముక్కు అద్దానికి ఆనించి మరీ చూస్తుంటారు. జూలో కోతికైనా ఎవరో ఒకరు పల్లీలు వేస్తారు. వీళ్ళకి అదీ లేదు.

ముందే చెప్పేస్తున్నాను, నేను సిగరెట్ తాగను. నాకు ఆ అవసరమూ రాలేదు. తాగేవాళ్ళ పక్కన కూర్చునే అదృష్టం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పక్కవాడు దయతలిచి వదిలేది ఉండగా, నేను విడిగా కొనుక్కుని తాగడం ఎందుకు? ఈ విషయంలో పొగరాయుళ్ళంత ఉదారులు ఇంకొకరు లేరని నా స్వానుభవం. ఇంటికి తెచ్చిన మిఠాయి పొట్లం దాచుకుని తినేవాడు కూడా పొగ దగ్గరికి వచ్చేసరికి భార్యాబిడ్డలకి సమానంగా పంచేస్తాడు. ఉయ్యాల్లో పసిపాపకి కూడా వాటా ఇస్తాడు. అడగాల్సిన పని కూడా లేదు!

ఆరోగ్యం సంగతి ఏమిటంటారా? అక్కడికే వస్తున్నాను. సిగరెట్ తాగితే ఆయాసం వస్తుందని డాక్టర్లు ఒకటే గోల పెడతారు. వస్తే రానివ్వండి! మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉండే ఇన్సూరెన్సు ఏజెంటుగారినే చూడండి. లిఫ్టు పాడైన రోజున మేమంతా గబగబా మెట్లెక్కి ఇంట్లో పడి తలుపేసుకుంటాం. ఆయన మాత్రం అంతస్తు అంతస్తుకీ ఆగుతాడు. గోడ పట్టుకుని నిలబడి, ఎవరి తలుపు తెరిచి ఉంటే వాళ్ళని పలకరిస్తాడు. మంచినీళ్ళు అడుగుతాడు. కుర్చీ వేస్తే కూర్చుంటాడు. ఇల్లు చేరేలోపు బిల్డింగంతా యోగక్షేమాలు కనుక్కుంటాడు. ఇరుగుపొరుగు సంబంధాలు చచ్చిపోతున్నాయని వాపోయే ఈ రోజుల్లో ఇంతకన్నా ఏం కావాలి?

చర్మం ముడతలు పడుతుంది, వయసు మీదపడినట్టు కనిపిస్తారు అంటారు. కనిపిస్తే నష్టమేమిటి? నడివయసు దాటకుండానే బస్సులో లేచి సీటిస్తున్నారు మా ఏజెంటుగారికి! దగ్గు వస్తుందంటారు. ఆ దగ్గు వినిపించగానే వాళ్ళావిడ వెళ్ళి తలుపు తీస్తుంది, కాలింగ్ బెల్‌కి కరెంటు ఆదా. ఇక మానడమంటారా, మానడంలో ఆయనకున్నంత అనుభవం మనలో ఎవరికైనా ఉందా? ప్రతి పుట్టినరోజుకీ మానేస్తాడు. మనం జీవితంలో ఒక్కసారి కూడా సిగరెట్ మానలేదు. సిగ్గుపడాల్సింది ఎవరు?

గ్రాఫు కిందికి దిగుతోందని సంబరపడేవాళ్ళు ఇంకో సంగతి మర్చిపోతున్నారు. కొత్తతరం వాళ్ళు పెన్నులాంటి ఒక యంత్రాన్ని పీలుస్తున్నారు. దానికి రాత్రిపూట ఛార్జింగ్ పెట్టాలి. పొగ స్ట్రాబెర్రీ వాసన వస్తుంది. "అంకుల్, ఇది సిగరెట్ కాదు," అని వాళ్ళే సర్టిఫికెట్ ఇచ్చుకుంటారు. "నేను రోజుకి ఒకటో రెండో, అంతే," అనే మితవాదులు కొందరు. ఒకటీ రెండూ అయినా గుండెకి కీడేనని డాక్టర్లంటారు గానీ, డాక్టర్లకి లెక్కలు రావని వీళ్ళ నమ్మకం. "నేను పార్టీల్లోనే," అనే ఇంకొందరు ఉన్నారు. వాళ్ళకి రోజూ ఏదో ఒక పార్టీ ఉంటుంది. వీళ్ళెవరూ తమని తాము తాగేవాళ్ళ కింద జమకట్టుకోరు. ఈ వినయమే మన కొంప ముంచుతోంది!

సరే, ఇవన్నీ చిన్నా చితకా లాభాలు. సిగరెట్ వల్ల కళకి జరిగిన సేవ గురించి చెప్పకపోతే నా వాదన సగంలో ఆగిపోతుంది. అందుకని మా బావ కథ చెప్పాలి.

మా బావ, అంటే మా అక్క మొగుడు, బస్ స్టేషన్లో అనౌన్సర్. ప్లాట్‌ఫారాలన్నీ కనపడేట్టు మేడమీద ఒక గాజు కిటికీ గది. అందులో ఒక బల్ల, ఒక మైకు, ఒక కుర్చీ. మైకుకి తొడిగిన స్పాంజి టోపీ ఒకప్పుడు తెల్లగా ఉండేదట. నాకు తెలిసినప్పటి నుంచీ అది పసుపు రంగే. గోడకి "పొగ తాగరాదు" అని బోర్డు. ఆ బోర్డుకి సరిగ్గా కింద మా బావ యాష్‌ట్రే.

ఆయన పని తీరే వేరు. బస్సు వచ్చి ఆగగానే గబుక్కున స్విచ్చి నొక్కి గొంతు చించుకునే రకం కాదు. ముందు సిగరెట్ అందుకుంటాడు. నిండుగా ఒక్క దమ్ము లాగుతాడు. దాన్ని లోపలే కాసేపు ఊరనిస్తాడు. అప్పుడు స్విచ్చి నొక్కి, "ప్రయాణికులకు విజ్ఞప్తి," అంటాడు. ఒక్కో అక్షరంతో పాటు కాస్త పొగ బయటికొస్తుంది. కింద నుంచి చూసేవాళ్ళకి గాజు వెనకాల మబ్బులో ఎవరో కూర్చుని ఆజ్ఞాపిస్తున్నట్టు ఉండేది.

ఇక ఆ గొంతు! ఏం చెప్పమంటారు? ఖాళీ ఇత్తడి బిందెలో మోగినట్టు ఉండేది. బస్సు ఆలస్యమని ఆయన ప్రకటిస్తే జనం తిట్టుకునేవాళ్ళు కాదు, ఇంకోసారి చెప్తే బాగుండునని చెవులు రిక్కించేవాళ్ళు. ఏడ్చే పిల్లలు ఏడుపు ఆపి పైకి చూసేవాళ్ళు. "ఈ గొంతుకి నేను చేసిందేమీ లేదు, అంతా దీని చలవే," అని సిగరెట్ పెట్టెని రెండు వేళ్ళతో ప్రేమగా తట్టేవాడు మా బావ.

అన్నిటికన్నా గొప్పగా వచ్చే ప్రకటన ఏదనుకున్నారు? "స్టేషన్ ఆవరణలో పొగ తాగడం నిషేధం. మీ ఆరోగ్యం, మీ కుటుంబ సంక్షేమం మా బాధ్యత." దీనికి మామూలు దమ్ము చాలదు, దీనికి ప్రత్యేకంగా కొత్త సిగరెట్ వెలిగించాలి అనేవాడు. వృత్తి మీద ఆయనకున్న శ్రద్ధ అలాంటిది.

ఆరోగ్యం మీద శ్రద్ధ లేదనుకునేరు! ఉంది. సిగరెట్ పెట్టె మీద భయపెట్టే బొమ్మలు వేస్తారు కదా, ఒకదాని మీద ఊపిరితిత్తులు, ఇంకోదాని మీద పుండుపడిన గొంతు. మా బావ కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి, పెట్టె తిప్పి చూసి, గొంతు బొమ్మ ఉంటే వెనక్కిచ్చేసేవాడు.

"అది వద్దయ్యా. ఊపిరితిత్తులది ఇవ్వు. గొంతు నాకు అన్నం పెట్టేది," అనేవాడు.

ఇంత ముందుజాగ్రత్త గల మనిషిని మీరు ఎక్కడైనా చూశారా?

ఇలా ఉండగా, ఒక ఏడాది వాన జల్లులు మొదలయ్యే రోజుల్లో ఆయన గొంతులో ఒక కొత్త అందం వచ్చింది. అడుగున సన్నటి గరగర. పదం చివర చిన్న జీర. తుడుచుకుంటే పోయే జలుబు కాదు, వచ్చి అక్కడే కాపురం పెట్టేసింది. మామూలు మనుషులైతే బొంగురుపోయింది అంటారు. కానీ మా బావ చుట్టూ ఉన్నది రసికులు!

మొట్టమొదట స్టేషన్ మేనేజర్‌గారు గుర్తించారు. గాజు గదిలోకి స్వయంగా మెట్లెక్కి వచ్చి, "ఏమయ్యా, ఇన్నాళ్ళకి నీ గొంతు పండిందయ్యా!" అని భుజం తట్టారు. డ్రైవర్లు పొగిడారు. కండక్టర్లు పొగిడారు. టీకొట్టాయన ఇప్పుడు స్పీకర్ మోగినప్పుడల్లా స్టవ్ మంట తగ్గించి మరీ వింటున్నానన్నాడు. గొంతులో ఏదో అడ్డం పడినట్టుంటోందని మా బావ ఒకసారి అంటే, "బరువు పెరిగింది కదా, అలాగే ఉంటుంది," అని ఆయనే సర్దిచెప్పాడు. వైద్యశాస్త్రంలో టీకొట్ల పాత్రని మనం సరిగ్గా గుర్తించలేదు.

నచ్చనిది ఒక్క మా అక్కకే. ఆడవాళ్ళకి కళంటే ఏం తెలుసు!

మా బావ సాయంత్రం ఇంటికొస్తూ గుమ్మంలో చెప్పులు విప్పుతూ "ఇదిగో!" అని పిలుస్తాడు. పెళ్ళయినప్పటి నుంచీ అదే పిలుపు. బయట మైకులో ఎంత గంభీరంగా ఉన్నా, ఆ "ఇదిగో" మాత్రం మెత్తగా, చివర కాస్త సాగదీసి ఉండేది. అది వినపడగానే అక్క వంటింట్లో ఎక్కడున్నా టీకి నీళ్ళు పెట్టేది. ఒక సాయంత్రం ఆ పిలుపు వినపడితే అక్క చపాతీ కర్ర పట్టుకుని హాల్లోకి వచ్చి, "ఎవరండీ మీరు? ఎవరు కావాలి?" అంది.

ఎదురుగా మొగుడు!

మర్నాడు ఆ సంగతి మా బావ స్టేషనంతా టాంటాం వేశాడు. "మా ఆవిడే గుర్తుపట్టలేదయ్యా! గొంతు అంత డెవలప్ అయింది!" అని. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికీ టీలు చెప్పాడు.

అక్క నవ్వలేదు. ఆ ఆదివారం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను.

"ఏమండీ, డాక్టర్‌కి చూపిద్దామండీ. ఇది మీ గొంతు కాదు," అంది.

"నా గొంతు కాకపోతే నీ గొంతా? ఊరంతా మెచ్చుకుంటుంటే నీకొక్కదానికే వచ్చింది బాధ!"

"ఊరు మీతో కాపురం చెయ్యట్లేదు కదండీ. అన్నం మింగేటప్పుడు మొహం ఎలా పెడుతున్నారో ఊరు చూడట్లేదు."

"సరేలే, చూద్దాంలే."

ఆ "చూద్దాంలే" నిజం కాకముందే హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. ఇక మీదట బస్ స్టేషన్లన్నింటిలో కంప్యూటరే అనౌన్స్ చేస్తుందట. అందుకు ఒక మంచి గొంతుని ఎంచి, దాన్ని రికార్డు చేసి అన్నిచోట్లకీ పంపుతారట. అనౌన్సర్లందరికీ పోటీ పెట్టారు. మీరు ఊహించింది నిజమే. ఆ గరగర, ఆ జీర విని సెలెక్షన్ కమిటీ పెద్దలు కళ్ళు మూసుకుని తలలూపారట. మా బావకి చప్పట్లతో పాటు ఒక గోడ గడియారం కూడా ఇచ్చారు.

పాఠకులారా, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. సిగరెట్ తాగని ఏ అనౌన్సర్‌కైనా ఈ గౌరవం దక్కిందా?

రికార్డింగ్ అంటే ఒక పూటలో తేలే పని కాదు. మాటలన్నీ విడివిడిగా చదివించి పెట్టుకుంటే, కంప్యూటర్ వాటిని అవసరాన్ని బట్టి అతికించుకుంటుందట. ఊళ్ళ పేర్లన్నీ చదవాలి. ప్లాట్‌ఫారం నంబర్లు, గంటలు, నిమిషాలు చదవాలి. "ఆలస్యంగా నడుస్తున్నది," అని విచారంగా ఒకసారి, "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది," అని హుషారుగా ఒకసారి చదవాలి. నెలల తరబడి నడిచింది ఆ యజ్ఞం.

ఆ నెలలన్నీ మా అక్క డాక్టర్ మాట ఎత్తుతూనే ఉంది. ఒకరోజు మా బావకి విసుగొచ్చి అసలు సంగతి బయటపెట్టాడు.

"నీకు అర్థం కావట్లేదు. ఇప్పుడు డాక్టర్ దగ్గరికెళ్తే ఏం చేస్తాడు? ఏదో మందిచ్చి గొంతు బాగుచేసి పారేస్తాడు! సగం రికార్డింగ్ ఈ గొంతుతో అయింది. మిగతా సగం మామూలు గొంతుతో చదవమంటావా? ఊరి పేరు ఒక గొంతు, నంబరు ఒక గొంతు... నవ్వరూ?"

మా అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మీరైనా జవాబు చెప్పగలరా? గొంతు బాగుపడిపోతుందేమోనన్న భయంతో డాక్టర్‌కి దూరంగా ఉన్న కళాకారుడు ప్రపంచంలో ఇంకొకడు ఉంటాడని నేననుకోను!

స్టూడియోలో పొగ తాగనివ్వరు. అందుకని ప్రతి వాక్యానికీ ముందు ఆయన బయట మెట్ల మీదికి వెళ్ళొచ్చేవాడు. మధ్యమధ్యలో దగ్గు తెరలు వచ్చేవి. రికార్డింగ్ ఇంజనీరు ఆ దగ్గులన్నీ ఓపికగా కత్తిరించి తీసేశాడు. చివరి రోజున చివరి వాక్యం పొగ నిషేధం గురించి. దానికోసం మా బావ మెట్ల మీద రెండు సిగరెట్లు కాల్చి, కళ్ళనీళ్ళు తుడుచుకుని వచ్చి చదివాడు. ఇంజనీరు హెడ్‌ఫోన్స్ తీసేసి లేచి నిలబడ్డాడట. అంత బాగా వచ్చింది.

ఆ మర్నాడు, మాట తప్పని మనిషి కాబట్టి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. మా అక్కతో పాటు నేనూ వెళ్ళాను.

ఆ డాక్టర్‌కి కళాభిరుచి బొత్తిగా లేదు. మా బావ తన పండిన గొంతుతో నమస్కారం చెప్తే, ఆయన మెచ్చుకోవడానికి బదులు కుర్చీలో ముందుకు వంగాడు. "ఈ బొంగురు ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడిగాడు. "పండిన గొంతు" అనలేదు చూడండి, "బొంగురు" అన్నాడు! ముక్కులోంచి గొట్టం వేసి చూశాడు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. రిపోర్టు వచ్చాక మా అక్క వైపు చూసి మాట్లాడాడు.

"మూడు వారాలకి మించి గొంతు బొంగురుగా ఉంటే వెంటనే రావాలమ్మా. మొదట్లో వచ్చుంటే రేడియేషన్‌తో సరిపోయేదేమో. గొంతు కూడా దక్కేది. ఇప్పుడు స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. తీసేస్తే మనిషి మిగులుతాడు."

అక్క నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

ఆపరేషన్ రోజు పొద్దున మా బావ చాలా మాట్లాడాడు. గడియారానికి సెల్ వెయ్యమన్నాడు, గ్యాస్ సిలిండర్ బుక్ చెయ్యమన్నాడు. కరెంటు బిల్లు ఎక్కడుందో చెప్పాడు. స్ట్రెచర్ వచ్చేదాకా ఇవే కబుర్లు. స్ట్రెచర్ ఎక్కాక, "వస్తానే," అన్నాడు. అంతే, ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

మనిషి మిగిలాడు. డాక్టర్ మాట నిలబెట్టుకున్నాడు. మెడ కింద చిన్న ద్వారం ఒకటి పెట్టారు. ఊపిరి అక్కడి నుంచే. దానిమీద ఎప్పుడూ ఒక మఫ్లర్ చుట్టుకుంటాడు. గొంతు కింద ఆనించి మాట్లాడే చిన్న మెషిన్ కూడా ఇచ్చారు. ఒకే ఒక్కసారి పెట్టుకుని చూశాడు. రేకుడబ్బాలో ఈగ తిరిగినట్టు వచ్చింది మాట. ఆయన దాన్ని ఆపి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టేశాడు. ఎందరో ఆ మెషిన్‌తో హాయిగా మాట్లాడుకుంటున్నారని డాక్టర్ నచ్చజెప్పాడు. కానీ వాళ్ళెవరూ అంతకు ముందు మా బావ గొంతుతో మాట్లాడి ఉండరు కదా.

ఇక లాభాల సంగతి చూద్దాం! సిగరెట్ మానడం మహా కష్టం అంటారు. మా బావ ఆ రోజు నుంచి ఒక్కటంటే ఒక్కటి ముట్టలేదు. ఇంట్లో మొగుడూపెళ్ళాల మధ్య మాటామాటా అనుకోవడం లేదు. ఉద్యోగం కూడా పోలేదు. కంప్యూటర్ వచ్చాక గాజు గదికి తాళం వేసి, ఆయన్ని కింద పోయిన వస్తువుల గదిలో వేశారు. అక్కడ మాటలతో పెద్ద పని లేదు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒకసారి ఎవరివో పళ్ళసెట్టు. ఎవరు ఏం పోగొట్టుకుని వచ్చినా మా బావ ఓపికగా వెతికి చేతిలో పెడతాడు. ఆ మెషిన్ కూడా అక్కడే, గొడుగుల వెనకాల అలమరలో ఉంది.

పైన స్పీకర్లలో మాత్రం ఆయన పగలంతా మాట్లాడుతూనే ఉంటాడు. ఈ స్టేషన్లోనే కాదు, అన్ని స్టేషన్లలో! ఒక మనిషి ఒకే సమయంలో ఇన్నిచోట్ల మాట్లాడటం సిగరెట్ లేకపోతే సాధ్యమయ్యేదా?

మా అక్క ఇప్పుడు రోజూ సాయంత్రం ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి స్టేషన్‌కి వస్తోంది. ఆయనకి దారి తెలియక కాదు. వచ్చి, ప్లాట్‌ఫారం మీద బెంచీలో ఆయన పక్కన కూర్చుంటుంది. వాళ్ళు ఎక్కాల్సిన సిటీ బస్సు వస్తుంది, వెళ్తుంది. ఇంకోటి వస్తుంది. ఇద్దరూ లేవరు.

మొన్న నేనూ వాళ్ళతో కూర్చుని ఉండగా, మెడలో బ్యాడ్జీ, చేతిలో ట్యాబ్‌తో ఒక అమ్మాయి వచ్చింది. చూడగానే నా మనసు ఉప్పొంగింది. సర్వే! పేపర్లో గ్రాఫు గీసేది వీళ్ళే అన్నమాట!

"సార్, రెండే రెండు నిమిషాలు. మీరు సిగరెట్ తాగుతారా?" అని మా బావని అడిగింది.

ఆయన అడ్డంగా తలూపాడు.

"ఎప్పుడూ తాగలేదా? తాగి మానేశారా?"

రెండోదన్నట్టు రెండు వేళ్ళు చూపించాడు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. పొద్దుటి నుంచి తిరుగుతోంది పాపం, మానేసినవాళ్ళు దొరకడం కష్టంగా ఉన్నట్టుంది. ట్యాబ్‌లో "మానేశారు" అన్నచోట నొక్కింది. ఆయన సిగరెట్‌ని మానేశాడా, సిగరెట్టే ఆయన్ని మాన్పించిందా అనే ప్రశ్న అందులో లేదు. ఉంటే గ్రాఫు గజిబిజి అయిపోదూ?

"కంగ్రాచ్యులేషన్స్ సార్! అందరూ మానలేరు. మీరు ఎలా మానగలిగారో ఒక్క మాటలో చెప్తారా?"

మా బావ ఆ అమ్మాయి వైపు చూశాడు. మా అక్క నేలకేసి చూసింది. నేను నోరు తెరిచేలోపు పైన స్పీకర్ కిర్రుమంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. స్టేషన్ ఆవరణలో పొగ తాగడం నిషేధం. మీ ఆరోగ్యం, మీ కుటుంబ సంక్షేమం మా బాధ్యత."

మా బావ పైకి వేలు చూపించాడు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. కానీ ప్రకటన పూర్తయ్యేదాకా తలెత్తి వింది.

"అబ్బ, ఎవరిదోగానీ ఏం గొంతు సార్ అది! నేను రోజూ వింటాను. దీనికోసమే నాలుగు నిమిషాలు ఎక్కువ నిలబడతాను ఇక్కడ."

"మా ఆయనదేనమ్మా," అంది మా అక్క.

ఆ అమ్మాయి కళ్ళు ఇంతింత చేసుకుని మా బావని చూసింది. ఆయన కాస్త నిటారుగా కూర్చుని మఫ్లర్ సర్దుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆయన మొహంలో పాత గాజు గది గర్వం కనపడింది.

"సార్, మీరా! జలుబు చేసిందా సార్, మాట్లాడట్లేదు? ఆంటీ, మీరెంత అదృష్టవంతులు! ఇంట్లో ఈ గొంతుతో మిమ్మల్ని పిలుస్తుంటే ఎంత బాగుంటుందో!"

బస్సు ఒకటి వచ్చి ఆగింది, జనం దిగారు, జనం ఎక్కారు.

"అందులో ఊళ్ళ పేర్లన్నీ ఉన్నాయమ్మా," అంది మా అక్క. "నంబర్లు ఉన్నాయి, గంటలు, నిమిషాలు ఉన్నాయి. నన్ను పిలిచేదొక్కటే లేదు. 'ఇదిగో' అని. అది అనిపించి పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు."

ఆ అమ్మాయి మా బావ మఫ్లర్ వైపు అప్పుడు చూసింది. ట్యాబ్ మూసేసి గుండెలకి ఆనించుకుంది. మా బావ తన అరచేతిని మా అక్క చేతి మీద వేసి రెండుసార్లు తట్టాడు. ఇంట్లో ఇప్పుడు ఆమెని పిలవాలంటే అలాగే తడతాడు, లేదా చప్పట్లు కొడతాడు. ఇద్దరూ లేచి బస్సెక్కారు.

కాబట్టి గ్రాఫు చూసి కంగారుపడకండి. వచ్చే ఏడాది అది ఇంకాస్త కిందికి దిగుతుంది, అందులో మా బావ వాటా కూడా ఉంటుంది. అధికారిగారు మళ్ళీ నవ్వుతూ ఫొటో దిగుతారు. మీ ఇంట్లో సిగరెట్ తాగే పెద్దమనిషి ఎవరైనా ఉండి, ఈమధ్య ఆయన గొంతు కాస్త పండినట్టు అనిపిస్తే, పదిమందితో పాటు మీరూ మెచ్చుకోండి. డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళి కళని పాడుచెయ్యకండి. ఒక్క పని మాత్రం ఈ సాయంత్రమే చెయ్యండి. ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతూ మిమ్మల్ని ఎలా పిలుస్తాడో, ఆ పిలుపు ఫోన్లో రికార్డు చేసి దాచుకోండి. మా అక్క దగ్గర అది లేదు.